స్పానిష్ అక్షరాల మీద గీతలు: వదిలేస్తే నాన్న కాస్తా బంగాళాదుంప అవుతాడు

మీ ప్రశ్న చదివాను. క్లాసు టెస్టులో "మా నాన్న పెరూలో పనిచేశారు" అన్న వాక్యాన్ని స్పానిష్‌లో రాయమన్నారు, మీరు మాటలన్నీ సరిగ్గానే రాశారు, అక్షరాల మీద ఉండే చిన్న గీతలు మాత్రం వదిలేశారు, టీచర్ సగం మార్కులు కోసేశారు. వాట్సాప్‌లో స్పానిష్ వాళ్లే ఆ గీతలు పెట్టరు కదా, అవి నిజంగా అంత ముఖ్యమా అని మీ సందేహం. నేను పదిహేనేళ్లుగా ఈ భాషతోనే పనిచేస్తున్నాను, మొదట హైదరాబాద్‌లో నైట్ షిఫ్టుల్లో స్పానిష్ కస్టమర్ సపోర్ట్, ఆ తర్వాత అనువాదాలు, ఇప్పుడు పాఠాలు కూడా చెప్తున్నాను. సూటిగా చెప్తున్నా, టీచర్ మార్కులు కోయడం న్యాయమే. మీరు రాసింది ఉన్నది ఉన్నట్టు చదివితే "నా బంగాళాదుంప పెరూలో పని చేస్తాను" అని వస్తుంది. ఎందుకలా వస్తుందో వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది ఒక్కసారి చెవికి పట్టిందంటే మళ్లీ జన్మలో తప్పు చేయరు.

ముందు ఒక చిన్న ఏర్పాటు. స్పానిష్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తాను. ఏ అక్షరాన్ని నొక్కి పలకాలో దానికి దీర్ఘం ఇస్తాను, మిగతావన్నీ హ్రస్వాలే. నొక్కు లెక్కలో అక్షరం అంటే ఒక్క ఊపులో పలికే ముక్క, చివర వచ్చే పొల్లు హల్లు విడిగా లెక్కకి రాదు. గీత ఏ మాటకి ఉందో విడిగా చెప్తాను. ఇలా రాయడం వీలు కోసం మాత్రమే కాదు, అసలు విషయమే ఇందులో ఉంది.

మన భాషలో 'కలం' వేరు, 'కాలం' వేరు. "మా అమ్మాయి స్టేజీ మీద పాడింది" అని చెప్పబోయి ఒక్క దీర్ఘం మింగేస్తే "పడింది" అవుతుంది, విన్నవాళ్లు కంగారుపడి దెబ్బ తగిలిందా అని అడుగుతారు. దీర్ఘం అలంకారమని మనలో ఎవరూ అనుకోరు, అది మాటలో భాగం. స్పానిష్‌లో సరిగ్గా ఆ పని చేసేది నొక్కు. అంటే మాటలో ఏదో ఒక అక్షరం మీద గొంతు కొంచెం పైకి లేచి బలం పడుతుంది, కాస్త సాగుతుంది కూడా. ఆ బలం ఒక అక్షరం ముందుకో వెనక్కో జరిగితే మాట మారిపోతుంది. తెలుగులో నొక్కు మారినంత మాత్రాన అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు, అందుకే మనకి ఆ గీత కాగితం మీద ఊరికే పెట్టిన చుక్కలా కనిపిస్తుంది. వాళ్లకి మాత్రం అది మన దీర్ఘం.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. 'పాప' అంటే బంగాళాదుంప. (స్పెయిన్‌లో ఎక్కువ చోట్ల 'పతాత' అంటారు, లాటిన్ అమెరికా అంతా 'పాప'నే. పోప్‌ని కూడా 'పాప' అంటారు.) నాన్న కావాలంటే 'పపా', చివరి అక్షరం మీద గీత. 'త్రబాహొ' అంటే నేను పనిచేస్తాను, లేదా పని, ఉద్యోగం. 'త్రబహో', చివర గీతతో, అంటే అతను లేదా ఆమె పనిచేశారు. 'పెరూ' చివర కూడా గీత ఉంది, అది తీసేస్తే 'పేరు' అని చదవాలి, స్పానిష్‌లో అలాంటి మాట లేదు కాబట్టి అక్కడ అర్థం మారదు, స్పెల్లింగ్ తప్పు అంతే. ఒక్క వాక్యంలో మూడు గీతలు పోతే మనిషి మారాడు, కాలం మారింది, దేశం పేరు తప్పైంది.

ఈ గీతని స్పానిష్‌లో 'తీల్దె' అంటారు. అది ఎక్కడ పెట్టాలో తెలియడానికి కావాల్సింది రెండు సూత్రాలే. మాట అచ్చుతో గానీ, 'న్' లేదా 'స్' తో గానీ ముగిస్తే నొక్కు చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది: 'కాస' (ఇల్లు), 'హోవెన్' (యువకుడు). ఇంకే హల్లుతో ముగిసినా నొక్కు చివరి అక్షరం మీదే: 'ఒతేల్', 'దొక్తోర్'. ఈ లెక్క ప్రకారం పోయే మాటలకి గీత అక్కర్లేదు. లెక్క తప్పిన మాటకే గీత పెడతారు, "ఇక్కడ చూడు, నొక్కు ఇక్కడ" అని చెప్పడానికి. చెట్టు 'ఆర్బొల్' చూడండి, 'ల్' తో ముగిసింది కాబట్టి లెక్క ప్రకారం 'అర్బోల్' అనాలి, కానీ అనరు, అందుకే మొదటి అక్షరం మీద గీత. చక్కెర 'అసూకర్', డాలర్ 'దోలర్' కూడా అంతే. చివరి నుంచి మూడో అక్షరం మీద నొక్కు ఉన్న మాటలకైతే ఏ మినహాయింపూ లేదు, ప్రతిదానికీ గీత ఉంటుంది: 'మూసిక', 'తెలేఫొనొ', 'మేదికొ'.

అన్ని హల్లుల్లో 'న్', 'స్' లకే ఈ ప్రత్యేకత ఎందుకని నా విద్యార్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. స్పానిష్‌లో బహువచనానికి చివర 'స్' చేరుతుంది, క్రియలో "వాళ్లు" అనడానికి 'న్' చేరుతుంది. 'కాస' బహువచనంలో 'కాసస్' అయినా, 'ఆబ్ల' (మాట్లాడతాడు) కాస్తా 'ఆబ్లన్' (మాట్లాడతారు) అయినా నొక్కు కదలదు. ఈ రెండు హల్లుల్నీ అచ్చులతో ఒకే గాటన కట్టకపోతే ప్రతి బహువచనానికీ, ప్రతి క్రియకీ గీతలు పెట్టుకుంటూ కూర్చోవాలి. ఇది అర్థమైతే తికమకగా అనిపించే ఇంకో సంగతి కూడా తేలిపోతుంది. 'హోవెన్' కి గీత లేదు, బహువచనం 'హోవెనెస్' కి ఉంది, ఎందుకంటే నొక్కు అక్కడే ఉన్నా వెనకాల ఇంకో అక్షరం చేరి అది చివరి నుంచి మూడోది అయిపోయింది. దానికి ఎదురు, పాట 'కన్స్యోన్' కి గీత ఉంది, 'కన్స్యోనెస్' కి లేదు. నొక్కు జరగలేదు, లెక్క మారింది.

అసలు ప్రాణం మాత్రం క్రియల్లో ఉంది. మీకు టైం తక్కువుంటే మిగతాదంతా వదిలేసి ఇదొక్కటి నేర్చుకోండి. 'యమార్' అంటే పిలవడం, ఫోన్ చేయడం. 'యామొ' అంటే నేను పిలుస్తాను. 'యమో', చివర గీతతో, అతను పిలిచాడు. 'యామె' అంటే దయచేసి పిలవండి. 'యమే', చివర గీతతో, నేను పిలిచాను. కాగితం మీద రాస్తే రెండే స్పెల్లింగులు, గీత వల్ల నాలుగు మాటలు. "యామె అల్ మేదికొ" అంటే డాక్టర్‌ని పిలవండి. "యమే అల్ మేదికొ" అంటే డాక్టర్‌ని పిలిచాను. రోగి పక్కన నిలబడి రాసిన చీటీలో ఆ గీత ఉందా లేదా అన్నది ఎంత పెద్ద విషయమో ఆలోచించండి. తెలుగులో మనం 'పిలవండి', 'పిలిచాను', 'పిలిచాడు' అని క్రియ చివర మొత్తం మార్చేస్తాం కాబట్టి పొరపాటుకి చోటే లేదు. స్పానిష్‌లో ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చెప్తున్నారా, చేయమంటున్నారా అన్న భారమంతా చాలాసార్లు ఆ చివరి అక్షరం మీది నొక్కే మోస్తుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. సపోర్ట్‌లో ఉన్నప్పుడు ఒక కస్టమర్ నుంచి మెయిల్ వచ్చింది, రెండు లైన్లు, ఎక్కడా ఒక్క గీత లేదు. అందులో ముఖ్యమైన మాట "ఆర్డర్ క్యాన్సిల్" అన్నదే. 'కన్సేలె ఎల్ పెదీదొ' అని చదివితే "ఆర్డర్ క్యాన్సిల్ చేయండి". 'కన్సెలే ఎల్ పెదీదొ' అని చదివితే "ఆర్డర్ నేను క్యాన్సిల్ చేశాను". మా టీంలో ఒకబ్బాయి, చాలా శ్రద్ధగా పనిచేసేవాడే, కస్టమర్లు గీతలు పెట్టరు కదా అని రెండో అర్థం తీసుకుని, ఆయనే క్యాన్సిల్ చేసుకున్నాడు, మనం చేయాల్సింది ఏమీ లేదని టికెట్ మూసేశాడు. వస్తువు ట్రక్కెక్కి వెళ్లిపోయింది, కార్డులో డబ్బులు కట్ అయ్యాయి, మూడో రోజు ఆ కస్టమర్ నుంచి ఎంత కోపంగా మెయిల్ వచ్చిందంటే అది చదవడానికి నాకు చేతులు ఆడలేదు. గీత లేకుండా రాసినదాన్ని ఉన్నది ఉన్నట్టు చదివితే "క్యాన్సిల్ చేయండి" అనే అర్థం. కానీ ఆ అబ్బాయి అనుమానంలోనూ న్యాయముంది, ఎందుకంటే మెయిల్ మొత్తంలో గీతలే లేనప్పుడు ఈ ఒక్క మాటకి లేకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోలేం.

ఆ తర్వాత మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం, ఇప్పటికీ నా దగ్గరికొచ్చే అనువాదకులకి అదే చెప్తాను. ఇలాంటి క్రియ కనిపించగానే ఆ ఒక్క మాటని చూస్తూ ఉండిపోవద్దు, మొత్తం మెయిల్ చూడండి. రాసిన మనిషి మిగతా చోట్ల గీతలు సరిగ్గా పెట్టాడంటే, ఇక్కడ పెట్టకపోవడం కూడా కావాలని చేసిందే, దాన్ని నమ్మొచ్చు. ఎక్కడా పెట్టలేదంటే నమ్మడానికి లేదు, అప్పుడు 'పొర్ ఫవోర్' లాంటి మాట పక్కన ఉందేమో, 'అయేర్' (నిన్న) ఉందేమో వెతకండి. అదీ లేకపోతే తిరిగి ఒక్క లైన్ అడగండి: మీరే క్యాన్సిల్ చేశారా, మమ్మల్ని చేయమంటారా అని. ఒక నిమిషం పని. బిల్లుల దగ్గర ఇంకా జాగ్రత్త, "యా పాగొ" అంటే ఇదిగో కట్టేస్తాను, "యా పగో" అంటే అతను ఆల్రెడీ కట్టేశాడు. పైగా కొలంబియా, పెరూ లాంటి చోట్ల 'కన్సెలార్' అంటే బిల్లు కట్టేయడం అనే అర్థం కూడా ఉంది, అదో తలనొప్పి, దాని గురించి ఇంకోసారి.

మూడు రకాలుగా పలికితే మూడు మాటలయ్యేవి కూడా ఉన్నాయి, నాకు చాలా ఇష్టమైనవి. 'తేర్మినొ' అంటే గడువు, ముగింపు, పారిభాషిక పదం. 'తెర్మీనొ' నేను ముగిస్తాను. 'తెర్మినో' అతను ముగించాడు. మొదటిదానికీ మూడోదానికీ గీత, మధ్యదానికి లేదు. అలాగే 'పూబ్లికొ' (ప్రజలు, ప్రేక్షకులు), 'పుబ్లీకొ' (నేను ప్రచురిస్తాను), 'పుబ్లికో' (ప్రచురించాడు). పై వరసలోని 'మేదికొ' డాక్టర్ కూడా ఈ కుటుంబంలోదే, 'మెదీకొ' నేను మందిస్తాను, 'మెదికో' మందిచ్చాడు. వీటిని రోజూ పొద్దున్న ఒక అయిదు నిమిషాలు పైకి చదవండి, నొక్కు పడిన చోట బల్ల మీద చేత్తో తట్టండి. మనకి చిన్నప్పుడు ఎక్కాలు నోటికి వచ్చింది కళ్లతో చూసి కాదు, రాగం తీసి చదివి. ఇదీ అంతే.

నామవాచకాల్లో కూడా ఇలాంటివి బోలెడు. 'బేబె' తాగుతాడు, 'బెబే' పసిబిడ్డ. 'కాయె' వీధి, 'కయే' నేను నోరు మూసుకున్నాను. 'సాబన' మంచం మీద పరిచే దుప్పటి, 'సబాన' గడ్డి మైదానం, బొగొతా చుట్టూ ఉన్న పీఠభూమిని 'సబాన దె బొగొతా' అనే అంటారు. 'పేర్దిద' నష్టం, 'పెర్దీద' తప్పిపోయినది. మనవాళ్ల రెజ్యూమెల్లో నేను తరచూ సరిచేసేది ఒకటుంది: భాషలు అన్న చోట ఇంగ్లిష్ అని రాయబోయి గీత వదిలేస్తారు. 'ఇంగ్లేస్', గీతతో, ఇంగ్లిష్. గీత లేకపోతే 'ఈంగ్లెస్', అంటే గజ్జలు, తొడల మొదళ్లు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకి మీ ఉద్దేశం అర్థమవుతుంది, కానీ మీ స్పానిష్ స్థాయి కూడా ఆ ఒక్క మాటతోనే అర్థమైపోతుంది.

ఇక 'ఇ', 'ఉ' పక్కన ఇంకో అచ్చు వస్తే జరిగేది వేరే కథ, ఇక్కడ గీత చేసే పని ముడి విప్పడం. మామూలుగా 'ఇ', 'అ' కలిసి 'య' లాగా ఒకే అక్షరమైపోతాయి, మన యణాదేశ సంధి గుర్తుకొస్తుంది. మందుల షాపు 'ఫర్మాస్య', గీత లేదు. అమెరికాలో ఉండే మనవాళ్లు బోర్డు చూసి 'ఫార్మసీయా' అంటుంటారు, అది తప్పు, నొక్కు 'మా' మీద. 'ఇ' మీద గీత ఉంటేనే అది విడిగా నిలబడుతుంది: 'మరీఅ', 'దీఅ' (రోజు), 'పొలిసీఅ' (పోలీస్). అర్థాలు మారే జంటలు ఇక్కడా ఉన్నాయి. 'సెక్రెతార్య' అంటే ఆఫీసులో సెక్రటరీగా పనిచేసే ఆవిడ, 'సెక్రెతరీఅ' అంటే ఆ కార్యాలయం, మెక్సికోలో ఏకంగా మంత్రిత్వ శాఖ. 'ఆస్య' వైపు, 'అసీఅ' చేసేవాడు, చేస్తుండేవాడు. 'సేర్య' గంభీరమైన మనిషి (స్త్రీ), 'సెరీఅ' అయ్యుండేది. 'తెనీఅ' నాకు ఉండేది, అదే గీత లేకుండా 'తేన్య' అయితే కడుపులో ఉండే బద్దెపురుగు. ఈ కుటుంబంలో అందరికంటే అందమైనది నా దృష్టిలో 'కొంతీన్వొ' (ఎడతెగని), 'కొంతినూఒ' (నేను కొనసాగిస్తాను), 'కొంతిన్వో' (కొనసాగించాడు). రెండోదాంట్లో 'ఉ' మీద, మూడోదాంట్లో 'ఓ' మీద గీత, మొదటిదానికి ఏదీ లేదు.

ఒకే అక్షరమున్న చిన్న మాటల సంగతి. "రెండూ ఒకేలా పలుకుతాం కదా, మరి గీత ఎందుకు" అని అడిగారు. విడివిడిగా పలికితే ఒకేలా ఉంటాయి, నిజమే. వాక్యంలో పెట్టి వినండి, గీత ఉన్న మాట తన కాళ్ల మీద తాను నిలబడుతుంది, లేనిది పక్క మాటకి అతుక్కుని జారిపోతుంది. "ఏల్ తోమ తే", అతను టీ తాగుతాడు. ఇందులో 'ఏల్' (అతను), 'తే' (టీ) రెండింటికీ గీత, రెండింటి మీదా బలం పడుతుంది. "ఎల్ లీబ్రొ" (ఆ పుస్తకం) లో 'ఎల్' కి గీత లేదు, అది పుస్తకానికి తోక. "తె క్యేరొ" (నువ్వంటే ఇష్టం) లో 'తె' కూడా అంతే, దాని మీద గీత పెడితే ప్రేమ పోయి టీ వస్తుంది. 'తూ' నువ్వు, 'తు' నీ. 'మీ' నన్ను, నాకు, 'మి' నా. 'సే' నాకు తెలుసు, 'సె' తనను తాను. 'దే' ఇవ్వండి, 'దె' యొక్క. 'మాస్' ఎక్కువ, గీత లేని 'మస్' అంటే కానీ, ఇది ఇప్పుడు పుస్తకాల్లోనే కనిపిస్తుంది. వీటన్నిటిలో ఎక్కువ నష్టం చేసేది 'సీ', 'సి'. "సీ, ప్వేదొ" అంటే అవును, చేయగలను. "సి ప్వేదొ" అంటే చేయగలిగితే. క్లయింట్‌కి మాట ఇస్తున్నారా, షరతు పెడుతున్నారా అన్నది ఒక గీతలో తేలిపోతుంది. ఒక హెచ్చరిక: 'మీ' కి గీత ఉంది కదా అని 'తి' కి (నిన్ను, నీకు) కూడా పెడతారు, పెట్టకూడదు, దానితో పోటీపడే ఇంకో 'తి' లేదు కాబట్టి. 1959కి ముందు అచ్చయిన పుస్తకాల్లో 'ఫ్వే' (వెళ్లాడు), 'వ్యో' (చూశాడు), 'ద్యో' (ఇచ్చాడు) మీద కూడా గీతలు కనిపిస్తాయి, కొత్త నియమాలతో వాటిని తీసేశారు, పాత పుస్తకం చూసి నేర్చుకుంటే ఇది గుర్తుంచుకోండి.

ప్రశ్న మాటలది కూడా ఇదే తీరు. ఏమిటి, ఎలా, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అని అడిగేటప్పుడు గీత ఉంటుంది, కలిపే మాటగా వాడితే ఉండదు. ప్రశ్నార్థకం గుర్తు ఉందా అని చూడకండి, ప్రశ్న లోపల దాగి ఉన్నా గీత పెట్టాలి: "నో సే కే అసేర్", ఏం చేయాలో నాకు తెలియదు. 'పొర్ కే' రెండు మాటలుగా, గీతతో, ఎందుకు. 'పొర్కె' ఒకే మాటగా, గీత లేకుండా, ఎందుకంటే.

'సోలొ' మీద స్పానిష్ వాళ్లే ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. ఆ మాటకి "ఒంటరిగా" అనీ, "మాత్రమే" అనీ రెండు అర్థాలు. "త్రబాహొ సోలొ లొస్ దొమీంగొస్" అంటే ఆదివారాలు ఒంటరిగా పనిచేస్తాననా, ఆదివారాలు మాత్రమే పనిచేస్తాననా? పూర్వం "మాత్రమే" అన్నప్పుడు గీత పెట్టేవారు. 1713లో మాద్రిద్‌లో మొదలైన స్పానిష్ రాయల్ అకాడమీ, మిగతా దేశాల అకాడమీలతో కలిసి 2010లో తెచ్చిన వర్ణక్రమ గ్రంథంలో ఆ గీత అక్కర్లేదంది. నొక్కు రెండింటిలోనూ ఒకటే కాబట్టి వ్యాకరణం ప్రకారం అది సబబే. కానీ రచయితలు చాలామంది వదల్లేదు, అకాడమీ సభ్యుల్లోనే కొందరు వదల్లేదు. చివరికి 2023 మార్చిలో, అయోమయానికి తావుందని రాసేవారికి అనిపిస్తే పెట్టుకోవచ్చని స్పష్టం చేశారు. నా సలహా, పరీక్షల్లో పెట్టకండి. ఒక్క గీత కోసం పెద్ద పెద్దవాళ్లు పదమూడేళ్లు వాదించుకున్నారంటే అది వాళ్లకి ఎంత దగ్గరి విషయమో చూడండి.

'న' మీద ఉండే అలని మాత్రం దీనితో కలపకండి. అది నొక్కు గుర్తు కాదు, అది వేరే అక్షరమే, మన 'ఞ'. స్పానిష్ వర్ణమాల 27 అక్షరాల్లో దానికి సొంత స్థానం ఉంది. పూర్వం రాతప్రతుల్లో రెండు 'న' లు పక్కపక్కన వస్తే ఒకదాన్ని రెండోదాని నెత్తిన చిన్నగా గీసేవారు, అదే ఈ అల అయింది. లాటిన్‌లో 'అన్నుస్' అనే మాట స్పానిష్‌లో 'ఆఞొ' (సంవత్సరం) అయింది అలాగే. అల వదిలేసి 'ఆనొ' అని రాస్తే అర్థం మలద్వారం. వయసు చెప్పే వాక్యంలో, పుట్టినరోజు శుభాకాంక్షల్లో ఇది రోజూ జరిగే తప్పు, దయచేసి దీని విషయంలో మాత్రం అస్సలు రాజీపడకండి.

ఇక మీ వాట్సాప్ వాదన. అవును, వాళ్లు చాటింగ్‌లో గీతలు వదిలేస్తారు. మనం కూడా "bagunnava" అన్నట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేటప్పుడు దీర్ఘాలు రాయం కదా, 'బాగున్నావా' అని అవతలివాళ్లే చదువుకుంటారు. ఎందుకు చదువుకోగలుగుతారంటే, ఆ మాట వాళ్ల చెవిలో ముందే ఉంది కాబట్టి. స్పానిష్ వాళ్లు 'త్రబహో' అన్న మాటని నోటితో ఎప్పుడూ తప్పు పలకరు, రాతలో మాత్రమే వదిలేస్తారు. మనకి చెవిలో ఇంకా లేదు, రాతలో కూడా వదిలేస్తే నేర్చుకునే దారే ఉండదు. పైగా అదే మనిషి ఆఫీసు మెయిల్‌లో, అప్లికేషన్‌లో గీతలు పెడతాడు, పెట్టకపోతే చదువురానివాడి కింద లెక్కేస్తారని అతనికి తెలుసు.

అర్జెంటీనా వాళ్లతో చాట్ చేస్తే మీరే గమనిస్తారు, నీకు ఉంది అనడానికి పుస్తకంలో 'త్యేనెస్' అని నేర్చుకుని ఉంటారు, వాళ్లు 'తెనేస్' అంటారు, చివర గీతతో. చూడు అనడానికి 'మీర' బదులు 'మిరా'. అర్థం అదే, ఊరు వేరు. మన దగ్గర యాస విని ఏ జిల్లానో చెప్పేసినట్టు, ఆ గీత చూసి నేను మనిషి ఎక్కడివాడో చాలాసార్లు చెప్పగలను.

స్పెల్ చెక్ చూసుకుంటుందిలే అని వదిలేయకండి. 'పాగొ', 'పగో' రెండూ నిఘంటువులో ఉన్న మాటలే, కంప్యూటర్‌కి అందులో తప్పు కనిపించకపోవచ్చు. పెద్ద అక్షరాలకి గీత అక్కర్లేదన్నది కూడా అపోహే, పాత టైప్‌రైటర్ల కాలంలో పెట్టడం కుదరక వదిలేశారు తప్ప నియమం ఎప్పుడూ అలా లేదు. టైపింగ్ కష్టమేమీ కాదు. ఫోన్‌లో అచ్చు మీద వేలు అలాగే నొక్కి పట్టుకుంటే గీతలున్నవి పైకి వస్తాయి, స్పానిష్ కీబోర్డు కలుపుకుంటే ఇంకా సుఖం. విండోస్ కంప్యూటర్‌లో ఆల్ట్ పట్టుకుని కుడిపక్క అంకెల్లో 0225 కొడితే 'ఆ', 0233 'ఏ', 0237 'ఈ', 0243 'ఓ', 0250 'ఊ', 0241 అల ఉన్న 'ఞ' వస్తాయి. నేనైతే ఇంటర్నేషనల్ కీబోర్డు పెట్టుకున్నాను, ముందు సింగిల్ కోట్, తర్వాత అచ్చు.

సాధనకి స్పానిష్ పిల్లలు నోరు తిరగడానికి చెప్పుకునే ఒక మాట ఇస్తాను: "కొంపాద్రె, కోంప్రెమె ఉన్ కోకొ. కొంపాద్రె, కోకొ నో కోంప్రొ." బావగారూ, నాకో కొబ్బరికాయ కొనిపెట్టండి, బావగారూ, నేను కొబ్బరికాయ కొనను అని. 'కోంప్రెమె' లో మొదటి అక్షరం మీద గీత ఉంది, ఎందుకంటే క్రియ వెనక 'మె' వచ్చి అతుక్కుంది కాబట్టి నొక్కు మూడోదైపోయింది. 'కోంప్రొ' కి లేదు. ఎందుకు లేదో పైన చెప్పిన లెక్కతో మీరే తేల్చుకోండి.

ఇప్పుడు మీ వాక్యాన్ని మళ్లీ రాయండి, కానీ రాసేముందు పైకి పలకండి: "మి పపా త్రబహో ఎన్ పెరూ." మూడు మాటలూ అచ్చుతోనే ముగుస్తున్నాయి, మూడింటిలోనూ బలం చివరి అక్షరం మీద పడుతోంది, కాబట్టి మూడింటికీ గీత. మొదటి 'మి' కి మాత్రం పెట్టకండి, అక్కడ అది "నా".